సిమ్లా వైస్‌రీగల్ లాడ్జ్ కట్టడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎండాకాలం సెలవుల్లో సిమ్లా మాల్ రోడ్డు మీద, క్రైస్ట్ చర్చి ముందు, జాఖూ కొండ మీది హనుమంతుడి విగ్రహం దగ్గర తెలుగు మాటలు వినిపిస్తూనే ఉంటాయి. ఊరికి పడమటి వైపున్న అబ్జర్వేటరీ కొండకు వచ్చేవారిలో ఎక్కువమంది మాత్రం పచ్చికలో నిలబడి రెండు ఫొటోలు తీసుకుని వెళ్ళిపోతారు. అక్కడున్న వైస్‌రీగల్ లాడ్జ్‌ను కోటలా కాకుండా ఇల్లులా చూడాలని నా కోరిక. నీళ్ళు ఎటు పోతాయి, వంట ఎక్కడ వండేవారు, ఈ దూలం ఎక్కడి నుంచి వచ్చింది అని అడుగుతూ చూస్తే అది చాలా చెబుతుంది. తెలిసినవారు నన్ను తరచుగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

వైస్‌రీగల్ లాడ్జ్ అంటే ఏది? రాష్ట్రపతి నివాస్ కూడా అదేనా?

అవును, రెండూ ఒకటే. బ్రిటిష్ వైస్రాయ్ వేసవిలో ఉండేందుకు కట్టిన ఇల్లు ఇది. స్వాతంత్ర్యం వచ్చాక రాష్ట్రపతి నివాస్ అయింది. 1965 నుంచి ఇందులో భారతీయ ఉన్నత అధ్యయన సంస్థ నడుస్తోంది. ఊళ్ళో టాక్సీవాళ్ళకు మూడు పేర్లలో ఏది చెప్పినా తెలుస్తుంది.

దీన్ని ఎవరు కట్టించారు?

1864లో సిమ్లా అధికారికంగా వేసవి రాజధాని అయింది. అప్పట్లో వైస్రాయ్‌లు ఉండే ఇల్లు పీటర్‌హాఫ్. విందులకు, దర్బారుకు అది ఏమాత్రం సరిపోయేది కాదు. కొత్త ఇంటికి అబ్జర్వేటరీ కొండ బాగుంటుందన్న ఆలోచన 1870లలో లార్డ్ లిట్టన్ కాలంలోనే పుట్టింది. 1840లలో కల్నల్ బోయిలో అనే సైనిక ఇంజనీరు అక్కడ ఒక వేధశాల (అబ్జర్వేటరీ) కట్టాడు కాబట్టి కొండకు ఆ పేరు వచ్చింది.

ఆలోచనను కార్యరూపంలోకి తెచ్చినవాడు 1884లో వైస్రాయ్‌గా వచ్చిన లార్డ్ డఫరిన్. ఆయనకు ఇళ్ళు కట్టడమంటే ప్రాణం. ఐర్లండులో తన క్లాండిబోయ్ ఎస్టేటులో తల్లి పేరున హెలెన్స్ టవర్ అనే బురుజు కట్టించాడు. కెనడాలో గవర్నర్ జనరల్‌గా ఉన్నప్పుడు క్విబెక్ పాత కోటగోడలను కూల్చనివ్వకుండా కాపాడాడు. సిమ్లాలోనూ పని జరిగే చోటికి తరచుగా వెళ్ళి, నక్షాల్లో మార్పులు చెబుతూ, ఇంజనీర్లను ఊపిరి తీసుకోనిచ్చేవాడు కాదు. 1888 జులైలో కుటుంబంతో గృహప్రవేశం చేశాడు. అదే ఏడాది చివర్లో ఆయన పదవీకాలం ముగిసింది. అంత ఇష్టంగా కట్టించుకున్న ఇంట్లో ఆయన ఉన్నది కొన్ని నెలలే.

నక్షా గీసింది ఎవరు? లార్డ్ ఇర్విన్ అని విన్నాం, నిజమేనా?

కాదు. ఈ పొరపాటు చాలాచోట్ల కనిపిస్తుంది. లార్డ్ ఇర్విన్ 1926 నుంచి 1931 దాకా వైస్రాయ్. గాంధీ–ఇర్విన్ ఒప్పందంలో ఉన్నది ఆయన. ఈ ఇంటి శిల్పి హెన్రీ ఇర్విన్, ప్రజా పనుల శాఖలో ఇంజనీరు. ఇద్దరికీ సంబంధం లేదు.

హెన్రీ ఇర్విన్ పని తెలుగువారికి కొత్తదేమీ కాదు. మద్రాసు హైకోర్టును 1892లో పూర్తి చేసినవాడు, ఎగ్మోరు రైల్వే స్టేషనుకు రూపం ఇచ్చినవాడు, మైసూరులో అంబా విలాస్ ప్యాలెస్ రూపశిల్పి, అందరూ ఈయనే. మన పెద్దవాళ్ళలో మద్రాసులో చదువుకున్నవారు, హైకోర్టు మెట్లెక్కినవారు ఎందరో ఉన్నారు. వారంతా ఆయన గీసిన వంపుల కిందుగా నడిచినవారే.

ఈ భవనానిది ఏ శైలి?

పుస్తకాల్లో దీన్ని జాకోబెథన్ అంటారు. ఇంగ్లండును మొదటి ఎలిజబెత్ రాణి (1558–1603), ఆ తర్వాత మొదటి జేమ్స్ రాజు ఏలిన కాలంలో జమీందారులు కట్టుకున్న పెద్ద ఇళ్ళను నమూనాగా పెట్టుకుని, మూడు వందల ఏళ్ళ తర్వాత విక్టోరియా కాలపువారు మళ్ళీ కట్టిన శైలి అది. దానికి తోడు స్కాట్లండు కొండల్లోని కోటల పోకడ కొంత కలిసింది. విక్టోరియా రాణి బాల్‌మోరల్‌లో అలాంటి కోటను కట్టించుకున్నాక ఆ పోకడ మీద బ్రిటిష్ దొరలకు మోజు పెరిగింది.

పచ్చిక మధ్యలో నిలబడి చూస్తే గుర్తులు తేలిగ్గా పట్టుకోవచ్చు. ముందుగా కిటికీలు చూడండి. ఒక్కో కిటికీని నిలువు, అడ్డం రాతి కమ్ములు చిన్న చిన్న గళ్ళుగా విడగొడతాయి. పైకప్పు కింద గోడలు ముక్కోణాలుగా లేచి కొసదేరతాయి. పిట్టగోడలు చదునుగా కాక చెక్కుడు పనితో ఉంటాయి. మూలల్లో చిన్న బురుజులు, వాటి మీద చిన్న గుమ్మటాలు, అన్నిటికీ పైన పెద్ద బురుజు. ఆ పెద్ద బురుజును తర్వాత వైస్రాయ్‌గా వచ్చిన కర్జన్ కాలంలో ఇంకా ఎత్తు చేశారు.

ఇక నమూనాలో లేనిది ఒకటుంది: వరండా. ఎలిజబెత్ కాలపు ఇంగ్లండు ఇంటికి వరండాలు ఉండవు. ఇక్కడ మాత్రం కింది అంతస్తులో, దాని పైన, వంపుల వరసలతో పొడుగాటి వసారాలు భవనాన్ని చుట్టుకుని ఉన్నాయి. నా దృష్టిలో మొత్తం కట్టడంలో అన్నిటికంటే నిజాయితీ గల భాగం అదే. రుతుపవనాలు వచ్చాక సిమ్లాలో వాన రోజుల తరబడి వదలదు. ఆ వాన గోడలకు కొట్టకుండా, మనుషులు తడవకుండా ఒక గది నుంచి మరో గదికి పోవడానికి వసారా కావాలి. ముఖం ఇంగ్లండుదే అయినా ఈ దేశపు వాన ముందు శిల్పి తల వంచాడు, అది మంచికే జరిగింది.

మద్రాసులో గుమ్మటాలు, మినార్లు కట్టిన ఇర్విన్ ఇక్కడ ఇంగ్లండు ఇల్లు ఎందుకు కట్టాడు?

నాకు బాగా ఇష్టమైన ప్రశ్న ఇది. మద్రాసు హైకోర్టు ఎర్రటి ఇటుక కట్టడం. ఉల్లి ఆకారపు గుమ్మటాలు, ముస్లిం కట్టడాల నుంచి తెచ్చుకున్న వంపులు అక్కడ ఉన్నాయి. ఇండో–సారసెనిక్ అనే ఆ శైలి మైదానాల్లోని పెద్ద ప్రభుత్వ భవనాలకు అప్పట్లో వాడుక. మొగలుల తర్వాత ఈ దేశాన్ని ఏలే హక్కు మాదేనని చూపించుకోవడం పాలకులకు అక్కడ అవసరం.

కొండ మీద అవసరం వేరు. సిమ్లాకు వారు వచ్చేది ఎండ నుంచి, జ్వరాల నుంచి, ఒక రకంగా ఈ దేశం నుంచే తప్పించుకోవడానికి. చలి, పొగమంచు, దేవదారు చెట్లు వారికి స్వదేశాన్ని గుర్తుకు తెచ్చేవి. అందుకే సిమ్లా అంతటా ఇంగ్లండు, స్కాట్లండు ఇళ్ళ రూపాలు కనిపిస్తాయి. ఒకే మనిషి, దాదాపు ఒకే కాలంలో, రెండు చోట్ల రెండు భాషల్లో కట్టాడంటే దానికి కారణం అతని అభిరుచి కాదు, కట్టించినవారి అవసరం. రెండు భవనాల ఫొటోలు పక్కపక్కన పెట్టి చూడండి. వలస పాలన తన గురించి తాను ఏమనుకుందో పాఠ్యపుస్తకం కంటే తేటగా కనబడుతుంది.

రాయి, కలప ఎక్కడివి? అంత బరువు కొండ మీదికి ఎలా చేరింది?

గోడలకు లేత నీలం ఛాయ ఉన్న సున్నపురాయి, బూడిదరంగు ఇసుకరాయి వాడారు. వాన పడి తడిసినప్పుడు గోడ రంగు ముదురుతుంది. నీలం ఛాయ కూడా అప్పుడే బాగా తెలుస్తుంది. లోపలి చెక్కపనికి ముఖ్యంగా బర్మా టేకు, దానితోపాటు స్థానిక దేవదారు, అక్రోటు కలప వాడారు.

సామాన్లు ఎలా చేరాయో ఆలోచిస్తేనే ఈ కట్టడం విలువ తెలుస్తుంది. కాల్కా నుంచి సిమ్లాకు ఇప్పుడు మనం ఇష్టంగా ఎక్కే చిన్న రైలు 1903లో మొదలైంది. మైదానం నుంచి కాల్కా దాకా రైలు వచ్చింది కూడా 1891లోనే. అంటే 1880లలో ఈ ఇల్లు కడుతున్నప్పుడు అంబాలా దాటాక రైలు అన్నదే లేదు. బర్మా అడవుల్లో కొట్టిన టేకు సముద్రం దాటి, రైలెక్కి, అంబాలాలో దిగి, అక్కడి నుంచి బండ్ల మీద కాల్కా చేరి, ఆ పైన వంపులు తిరిగే బండి బాట మీద సుమారు 7,000 అడుగుల ఎత్తుకు ఎక్కింది. ఎద్దుబండ్లు, కంచర గాడిదలు, కూలీల వీపులు, మోసినవి ఇవే. లోపలి మెట్లదారి చెక్కడాన్ని మెచ్చుకునేటప్పుడు ఆ వడ్రంగుల పేర్లు, మోసిన కూలీల పేర్లు గోడ మీద ఎక్కడా లేవని గుర్తుంచుకోవాలి.

బర్మా గురించి ఇంకొక సంగతి. ఎగువ బర్మాను బ్రిటిష్ ఇండియాలో కలిపింది ఈ డఫరిన్ పాలనలోనే, 1886లో. ఆయన బిరుదులో బర్మా పాత రాజధాని అవా పేరు కూడా చేరింది.

లోపల తప్పకుండా చూడవలసింది ఏమిటి?

ప్రవేశ హాలు. లోపలికి అడుగు పెట్టగానే తల పైకెత్తుతారు. మూడు అంతస్తుల ఎత్తు హాలు, ప్రతి అంతస్తులో చుట్టూ కొయ్య కటకటాల నడవా. కుడివైపు నుంచి పెద్ద టేకు మెట్లదారి మలుపులు తిరుగుతూ పైకి పోతుంది. ఇంత కొయ్య ఒక్కచోట ఉన్నా చీకటిగా అనిపించదు. ఇల్లంతటికీ గాలి, వెలుతురు, రాకపోకలు ఈ హాలు ద్వారానే నడిచాయి. పాత తెలుగు లోగిళ్ళలో మండువా చేసే పనే ఇది, వాన పడకుండా పైన కప్పు వేశారంతే.

మెట్ల పక్క కటకటాన్ని దగ్గరగా చూడండి. నూటముప్పై ఏళ్ళు దాటినా, ఎండాకాలపు పొడికి, వానాకాలపు తేమకు, చలికాలపు మంచుకు లోనవుతూ కూడా అతుకులు గట్టిగా నిలిచాయి. టేకులో సహజంగా ఉండే నూనె అందుకు ఒక కారణం. కొయ్యను బాగా ఆరనిచ్చి బిగించిన పనితనం రెండోది.

ఫర్నిచరు, తెరలు, గోడల అలంకరణ లండనులోని మేపుల్ అండ్ కంపెనీ చేసింది. నాట్యశాల, విందుశాల, అతిథులను కూర్చోబెట్టే పెద్ద గది ఒక వరసలో ఉండేవి. ఇప్పుడు ఆ గదుల్లో గ్రంథాలయం ఉంది. నాట్యశాల నేల మీద పుస్తకాల బీరువాలు నిలబడటం నాకు ఎంతో తృప్తినిచ్చే దృశ్యం.

ఆ రోజుల్లోనే కరెంటు ఉండేదా?

ఉండేది. ఆవిరితో నడిచే జనరేటరు పెట్టి ఇంటికంతటికీ విద్యుద్దీపాలు అమర్చారు. లేడీ డఫరిన్ గదుల్లో మీట నొక్కి దీపం వెలిగించే సరదా గురించి తన జాబుల్లో రాసుకుంది. కింద ఊరంతా అప్పటికి కిరసనాయిలు దీపాలే. సిమ్లా పట్టణానికి జలవిద్యుత్తు అందింది 1910లలో.

కొండ కొమ్మున ఇంత పెద్ద ఇంటికి నీళ్ళు, అగ్నిప్రమాదాల సంగతి ఎలా చూసుకున్నారు?

కప్పు మీద పడిన వాననీటిని తూముల గుండా కిందికి దింపి, పచ్చిక కింద కట్టిన పెద్ద తొట్లలో నిలవ చేసేవారు. తోటకు ఆ నీరే. పైన మెత్తటి గడ్డి, కింద నీటి నిలవ! ఇంకుడు గుంత తవ్వించమంటే విసుక్కునే మన అపార్ట్‌మెంటు సంఘాలవారు ఒకసారి ఆ పచ్చిక మీద నిలబడి ఆలోచిస్తే బాగుంటుంది. వేసవిలో సిమ్లాకు ఈ రోజుకూ నీటి ఎద్దడి తప్పదు. 2018లో ట్యాంకర్ల దగ్గర జనం బారులు తీరిన వార్తలు గుర్తుండే ఉంటాయి.

మంటల భయం కొండ ఊళ్ళలో నిత్యం ఉండేదే. గది గదికీ చలిమంట, ఎటు చూసినా కొయ్య. అందుకని నీటి గొట్టాల కొసలను మైనంతో మూశారు. మంట వేడికి మైనం కరిగితే నీళ్ళు వాటంతట అవే చిమ్ముతాయి. ఇప్పటి ఆఫీసుల్లో కప్పుకు కనిపించే స్ప్రింక్లర్ల సూత్రం కూడా ఇదే. పాత పీటర్‌హాఫ్ 1981లో మంటల్లో కాలిపోయింది, ఇది నిలిచింది.

వంట, చాకిరీ ఎక్కడ జరిగేవి?

నేలమాళిగలో. ఇది అప్పట్లో పెద్ద మార్పు. మన దేశంలో దొరల బంగళాలకు వంటిల్లు విడిగా, పెరట్లో దూరంగా ఉండేది. పొగ, వాసన, మంటల భయం ఇంట్లోకి రాకుండా అలా కట్టేవారు. ఇక్కడ మాత్రం ఇంగ్లండు పెద్ద ఇళ్ళ పద్ధతిలో వంటగది, సరుకుల గదులు, ద్రాక్షసారా నిలవ గది, బట్టలు ఉతికే చోటు, అన్నీ ఇంటి కిందే పెట్టారు.

పైనున్నవారికి సౌకర్యమే. పనివారి వైపు నుంచి చూస్తే, రోజంతా నేల కింద పొయ్యిల సెగలో ఉండి, దొరలకు కనబడకుండా వంటకాలు పైకి అందించడం. విక్టోరియా కాలపు ఇళ్ళన్నిటిలోనూ ఈ విభజన ఉంటుంది: చూపించే ఇల్లు ఒకటి, పనిచేసే ఇల్లు ఒకటి. సందర్శకులకు చూపించేది మొదటిదే. రెండోది కూడా చూపించాలని నేను గట్టిగా అనుకుంటాను.

భూకంపాలకు ఈ కట్టడం తట్టుకుంటుందా?

1905 ఏప్రిల్ 4న కాంగ్రా భూకంపం వచ్చినప్పుడు ఇక్కడ ఒక పొగగొట్టం విరిగి కప్పును చీల్చుకుని లోపల పడింది. లేడీ కర్జన్‌కు కొద్దిలో ప్రమాదం తప్పింది. ఆ భూకంపంలో కాంగ్రా లోయలో సుమారు 20,000 మంది చనిపోయారు. ఎత్తుగా, బరువుగా నిలబడే రాతి పొగగొట్టాలు కదలికకు మొదట లొంగిపోతాయి.

హిమాచల్ పల్లెల్లోని పాత పద్ధతి వేరు. గోడలో ఒక వరస రాళ్ళు, ఒక వరస దేవదారు దూలాలు మార్చి మార్చి పేర్చుతారు. దాన్ని కాఠ్ కుణీ అంటారు. భూమి ఊగితే గోడ కూడా కొంచెం ఊగి మళ్ళీ సర్దుకుంటుంది. చట్రంలో మట్టి, రాళ్ళు నింపే ధజ్జీ గోడలు కూడా అలాంటివే. ఈ నేలను ఎరిగిన మేస్త్రీల విద్య అది. ఇంత ఖర్చుపెట్టి కట్టిన వైస్రాయ్ ఇంట్లో ఆ విద్యకు చోటు దక్కకపోవడం నాకు లోపంగానే కనిపిస్తుంది.

ఆ కాలంలో అందరూ దీన్ని మెచ్చుకున్నారా?

లేదు. లేడీ కర్జన్‌కు ఇది డబ్బు చేసినవాడి ఆర్భాటంలా అనిపించింది. బ్రిటిష్ ప్రభుత్వంలో భారత వ్యవహారాల మంత్రిగా 1917లో వచ్చిన మాంటేగు దీన్ని స్కాట్లండులోని ఆరోగ్య హోటళ్ళతో పోల్చాడు. ఆ విమర్శలో కొంత నిజముంది, ముఖభాగంలో అలంకారం కొంచెం ఎక్కువే. కానీ లోపలి హాలు, వసారాలు, నీటి ఏర్పాట్లు చూశాక నేను దీన్ని తీసిపారేయలేను.

స్వాతంత్ర్య పోరాటంతో దీనికి సంబంధం ఏమిటి?

1945 జూన్ 25 నుంచి జులై 14 దాకా వైస్రాయ్ వేవెల్ పిలిచిన సిమ్లా సమావేశం ఇక్కడే జరిగింది. కాంగ్రెసు తరఫున మౌలానా ఆజాద్, ముస్లిం లీగు తరఫున జిన్నా వచ్చారు. గాంధీజీ సిమ్లా వచ్చారు గానీ సమావేశంలో కూర్చోలేదు. మరుసటి ఏడాది మేలో కేబినెట్ మిషన్ చర్చలు సిమ్లాలోనే సాగాయి. 1947 మేలో మౌంట్‌బాటెన్ అధికార బదిలీ ప్రణాళికను ఈ ఇంట్లోనే నెహ్రూకు చూపించాడు. నెహ్రూ తీవ్రంగా అభ్యంతరం చెప్పడంతో వైస్రాయ్ సలహాదారు వి.పి. మేనన్ కొన్ని గంటల్లో దాన్ని తిరగరాశాడు. ఆ సమావేశాల ఫొటోలు గోడల మీద ఉన్నాయి.

రాష్ట్రపతి ఇప్పుడు ఇక్కడికి వస్తారా?

వేసవి విడిదికి రాష్ట్రపతి వెళ్ళేది సిమ్లా దగ్గరే ఉన్న మషోబ్రాలోని ఇంటికి. 1850లో ధజ్జీ గోడలతో కట్టిన కొయ్య ఇల్లు అది. దక్షిణాది విడిది మన హైదరాబాదులోని బొల్లారం రాష్ట్రపతి నిలయం. 1860లో కట్టిన అది ఒకే అంతస్తు ఇల్లు, 11 గదులు, 90 ఎకరాల ఆవరణ. ఒకే పాలనకు సేవ చేసిన రెండు ఇళ్ళలో దక్కను ఎండకు బొల్లారం ఇల్లు నేల మీద పరుచుకుంది, కొండ కొమ్మున చోటు చాలక వైస్‌రీగల్ లాడ్జ్ పైకి లేచింది.

ఇది పరిశోధన సంస్థగా ఎలా మారింది?

ఆ ఘనత సర్వేపల్లి రాధాకృష్ణన్‌ది. తెలుగు కుటుంబంలో పుట్టి, 1931 నుంచి 1936 దాకా ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేసిన ఆయన, రాష్ట్రపతి అయ్యాక ఏడాదిలో కొద్ది రోజులు కూడా వాడని ఈ ఇంటిని పండితులకు ఇవ్వాలని నిర్ణయించారు. 1965 అక్టోబరు 20న ఆయనే సంస్థను ప్రారంభించారు. మొదటి డైరెక్టరు చరిత్రకారుడు నీహార్‌రంజన్ రే. ఒకప్పుడు 331 ఎకరాలున్న ఎస్టేటు ఇప్పుడు 110 ఎకరాలకు తగ్గింది. దేశం నలుమూలల నుంచి వచ్చే పరిశోధకులు ఎస్టేటులోని పాత ఇళ్ళలో ఉంటూ చదువుకుంటారు.

చూడటానికి ఎప్పుడు, ఎలా వెళ్ళాలి?

సోమవారం సెలవు. టికెట్టు కొంటే గైడు వెంట కొన్ని గదులు మాత్రం చూపిస్తారు, లోపల ఫొటోలు తీయనివ్వరు. సందర్శన వేళలు కాలాన్ని బట్టి మారుతుంటాయి కాబట్టి ముందుగా కనుక్కోండి. మాల్ రోడ్డు నుంచి చౌడా మైదాన్ మీదుగా సుమారు 4 కిలోమీటర్లు. నడవగలిగితే నడవండి. బ్రిటిష్ కాలంలో సిమ్లా వీధుల్లో గుర్రపుబండి ఎక్కే హక్కు వైస్రాయ్, సర్వసేనాని, పంజాబ్ గవర్నర్, ఈ ముగ్గురికే ఉండేది. మిగిలినవారంతా నడిచో, గుర్రమెక్కో, మనుషులు లాగే రిక్షాలోనో ఈ దారినే వచ్చారు.

ఇది చూశాక సిమ్లాలో ఇంకే కట్టడం చూడాలి?

రెండు చాలు. మాల్ మీద గెయిటీ థియేటర్, 1887లో తెరిచినది, అదీ హెన్రీ ఇర్విన్ పనే. లోపలి చిన్న నాటకశాలను తప్పకుండా చూడండి. రెండోది వైస్‌రీగల్ లాడ్జ్ నుంచి మాల్ వైపు తిరిగి వస్తుంటే కనబడే రైల్వే బోర్డు భవనం. 1896–97లో బొంబాయికి చెందిన రిచర్డ్‌సన్ అండ్ క్రుడాస్ దాన్ని పోత ఇనుము, ఉక్కుతో కట్టింది. అగ్నిప్రమాదాల భయానికి ఇర్విన్ గొట్టాల కొసలకు మైనం పెట్టాడు, పదేళ్ళు తిరగకుండా ఇక్కడివారు ఏకంగా కొయ్యనే మానేశారు. 2001లో దాని పై అంతస్తులో మంటలు లేచినప్పుడు భవనం నిలబడింది.